ద్రవ కటకము – నాభ్యంతర నియంత్రణము

ఆకుపై నిలిచిన నీటిబొట్టు గుండా చూచిన, ఆకు ఈనెలు పెద్దవిగా కనిపించును. ఆ బొట్టే ఒక కటకము. గాజు కటకపు నాభ్యంతరము స్థిరము; మన కంటి కటకమో, కండరముల సాయమున తన వంపునే మార్చుకొనును. నలుబది యేండ్లు దాటిన పిమ్మట ఆ సాగుగుణము తగ్గును. అనకాపల్లి బెల్లపు బజారులో పెద్దలు పద్దుపుస్తకమును దూరముగా పట్టి చదువుట ఇందుచేతనే.

కంటి నేర్పును ద్రవములతో సాధించు విధమును పరిశీలింతము. చిన్న గిన్నెలో ఉప్పునీరును, నూనెను ఉంచుదురు. అవి కలియవు. సాంద్రతలు సమానము గనుక గిన్నెను వంచినను వాటి హద్దు చెదరదు. వక్రీభవన గుణకములు వేరు గనుక ఆ హద్దే కటకమగును. ఉప్పునీటికిని గోడలోని లోహమునకును నడుమ పలుచని విద్యున్నిరోధక పొర యుండును. వోల్టేజి పెంచిన కొలది ఉప్పునీరు గోడను మరింత తడుపును; హద్దు వంపు మారును; దానితో నాభ్యంతరమును మారును. కదలు యంత్రభాగమేదియు లేదు.

విద్యుత్తుచే ద్రవపు తలతన్యత మారుటను 1875లో లిప్‌మన్ పాదరసముపై పరిశీలించెను. 2000లో బెర్జ్, పెసో అను శాస్త్రజ్ఞులు ఇట్టి కటకమును వివరించిరి. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు జోషువా సిల్వర్ మరియొక మార్గము చూపెను: ఆయన కళ్ళజోడులో పలుచని పొరల నడుమ సిలికోన్ నూనెను సిరంజితో హెచ్చించియు, తగ్గించియు ధరించినవారే చూపును సరిచేసికొందురు.

కంటివైద్యుడు అందుబాటులో లేని పల్లెకు ఇట్టి విద్య ఎంత మేలు చేయగలదో విద్యార్థులమైన మనము యోచింపవలెను.