పుష్యమాసంలో కెమెరాకు పని

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లకు పుష్యం ఎండు నెల. ముహూర్తాలుండవు, అడ్వాన్సులు రావు, లెన్సులకు ఫంగస్ పట్టకుండా చూసుకోవడమే పని. నేనూ చాలా పుష్యాలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నవాణ్ణే. సరిగ్గా ఆ రోజుల్లోనే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు పక్షులతో కిటకిటలాడుతుంది. మేతకు పోయిన గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, కంకణాలు పొద్దు వాలేవేళ గుంపులుగా తిరిగొస్తాయి. దిగే సూర్యుడి ముందు వాటి నల్లటి ఆకారాలను చక్కగా పట్టగలిగితే క్యాలెండర్ వాళ్ళు, రిసార్టుల వాళ్ళు అడిగి తీసుకుంటారు. పెళ్ళి డబ్బంత రాదు, ముందే చెబుతున్నాను.

మొదట చేతికున్న అలవాటు మాన్పించాలి. పెళ్ళిలో మొహం నల్లగా పడితే పెళ్ళికూతురి తల్లి ఊరుకోదు. అందుకే వెలుతురు తగ్గితే చాలు, వేలు ఫ్లాష్ మీదికి పోతుంది. నా మొదటి సాయంత్రం కొంగల మీద ఫ్లాష్ భళ్ళున వెలిగింది. గట్టు మీద గేదెలు తోలుకుపోతున్న తాత ఆగి, "ఎవరి పెళ్ళి బాబూ?" అన్నాడు. ఆ రోజు నుంచి ఫ్లాష్‌ను ఇంట్లోనే వదిలేస్తున్నాను.

ఇక్కడ నల్లబడటమే కావాలి. స్పాట్ మీటరింగ్ పెట్టి సూర్యుడి మీద కాకుండా పక్కనున్న ఆకాశం మీద కొలవండి, అక్కణ్ణుంచి ఒక స్టాప్ తగ్గించి మాన్యువల్‌లో ఉంచేయండి. ఎగిరే పక్షికి షట్టర్ 1/1000కి తగ్గకూడదు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ కుంకుమరంగును తప్పనుకుని వెలవెలబోయేలా చేస్తుంది, క్లౌడీకి మార్చండి. బింబం ఎర్రబడేదాకా లెన్సు అటు తిప్పొద్దు. తర్వాతైనా డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టకుండా వెనక స్క్రీన్ మీదే చూడండి. కన్ను పోతే వృత్తే పోతుంది.

బింబం పెద్దగా పడాలంటే పొడుగు లెన్సు తప్ప దారి లేదు. సెన్సర్ మీద సూర్యుడి సైజు ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 110వ వంతు. పెళ్ళిళ్ళలో వాడే 85తో ఒక మిల్లీమీటరైనా రాదు, 400తో మూడున్నర దాటుతుంది. అద్దెకు తెచ్చుకోండి, ఒక్క నెలకోసం కొనకండి. ఇదే లెక్క దూరానికీ పనికొస్తుంది: మీటరున్నర రెక్కల ఎర్రకాళ్ళ కొంగ 160 మీటర్ల అవతల ఎగిరితే బింబంలో అటూ ఇటూ సరిగ్గా ఇముడుతుంది. దగ్గరికి పోయేకొద్దీ ఫోటో చెడుతుందన్నమాట.

పుష్యంలో సూర్యుడు దిగేది సూటిగా పడమర కాదు, నైరుతి వైపుకు జరిగి. కాబట్టి నీళ్ళకు ఈశాన్యంగా గట్టు చూసుకుని గంట ముందే నిలబడండి. బింబం అంచు నేలను తాకిందంటే మీ చేతిలో ఉన్నది రెండు నిమిషాల పైచిలుకే.

డబ్బు తెచ్చేది మాత్రం మెడ. నేను మూడు వందల ఫ్రేములు తీసి ఒక క్యాలెండర్ ప్రెస్ యజమాని దగ్గరికి పట్టుకెళితే, ఆయన కళ్ళజోడు నుదుటికి ఎత్తి, "ఇది పిట్టా, గొడుగా?" అన్నాడు. నిజమే, పక్షులు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్ద అయ్యాయి. రంగు లేనప్పుడు గుర్తు పట్టించేది గీత ఒక్కటే. తెల్లకొంగ, నారాయణపక్షి మెడ మడుచుకుని ఎగురుతాయి. ఎర్రకాళ్ళ కొంగ మెడా కాళ్ళూ చాచి పోతుంది. గూడబాతు తల వెనక్కి లాక్కుని అంత పెద్ద ముక్కునూ మెడ మీద ఆనించుకుంటుంది. కంకణం ముక్కు కొడవలి. పక్షి మీకు పక్కకు తిరిగి, రెక్క పైకి లేచి, పక్కదానికీ దానికీ మధ్య వెలుతురు కనిపించినప్పుడే నొక్కండి. గుంపులో వందకంటే విడిగా మూడు మేలు.

పక్షులను లేపడం కోసం రాళ్ళు విసిరేవాళ్ళనూ, చప్పట్లు కొట్టేవాళ్ళనూ చూశాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూళ్ళనూ గుడ్లనూ కదిలించినా వేట కిందే లెక్క. అయినా రాయి దెబ్బకు లేచిన గుంపు చెల్లాచెదురుగా పోతుంది, ఫ్రేము కుదరదు. వాటంతట అవే వరస కట్టి వస్తాయి, కాస్త ఓపిక పట్టండి.

ఇంటికి రాగానే ప్రతి ఫైలుకూ పక్షి పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. మాఘంలో ముహూర్తాలు మొదలైతే వాటి మొహం చూసే తీరిక ఉండదు. క్యాలెండర్ వాళ్ళు దసరా ముందు ఫోన్ చేసి "అదేం పిట్ట?" అని అడుగుతారు.