సూది కన్నా ముందు డిగ్రీ

పలాస పరిశ్రమల్లో గంటల తరబడి కూర్చుని జీడిపిక్కలు కొట్టేవారికి నడుంనొప్పి, మెడనొప్పి తప్పవు. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగేయడమూ మామూలే. పలాస ఉన్న ఉద్దానం ప్రాంతాన్ని కిడ్నీ జబ్బు పీడిస్తోంది కాబట్టి ఇక్కడ ఆ బిళ్లలు మరింత ముప్పు. అందుకే మందు లేకుండా నొప్పి తగ్గించే నైపుణ్యానికి ఇక్కడ విలువుంది. ఆక్యుపంక్చర్ (సూదివైద్యం) అందులో ఒకటి. దానిమీద ఆసక్తి ఉన్న బైపీసీ విద్యార్థులు ఇవి గమనించాలి.

గుర్తింపు ఉందా?
1938లో చైనా వెళ్లిన భారత వైద్య బృంద సభ్యుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తర్వాత అక్కడే ఈ విద్య నేర్చి 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో, తర్వాత మహారాష్ట్ర చట్టాలు చేశాయి. కేంద్రం 2003లో చికిత్సా పద్ధతిగా అనుమతించి, 2019లో స్వతంత్ర విధానంగా గుర్తించింది. అలాగని నాలుగు నెలల సర్టిఫికెట్‌తో పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోకూడదు.

ఏం చదవాలి?
• బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ): ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆక్యుపంక్చర్ సిలబస్‌లోనే ఉంటుంది. హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. స్థానికత నిబంధనలు ముందే చూసుకోండి.
• బీపీటీ: ఫిజియోథెరపిస్టుగా నిలదొక్కుకున్నాక సూదివైద్యం అదనపు నైపుణ్యం అవుతుంది.
• డయాలసిస్ టెక్నాలజీ: ఇది ఆక్యుపంక్చర్ దారి కాకపోయినా, సొంతూరి దగ్గరే కొలువు కావాలనుకునేవారికి అనువైనది. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. టెక్కలి, సోంపేటల్లోనూ డయాలసిస్ కేంద్రాలున్నాయి.

హద్దు తెలియాలి
దీర్ఘకాలిక నడుం, మోకాలి నొప్పుల్లో ఆక్యుపంక్చర్ కొంత ఉపశమనం ఇవ్వొచ్చు. కిడ్నీ జబ్బును నయం చేయదు, డయాలసిస్ మాన్పించదు. అలా మాటిస్తే రోగి ప్రాణాల మీదికి తెచ్చినట్టే. డయాలసిస్ కోసం ఫిస్టులా (రక్తనాళాలను కలిపి చేసిన మార్గం) ఉన్న చేతికి సూది పెట్టకూడదు. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడకూడదు.

సూదివైద్యంతో పాటు చైనా మూలికలూ ఇవ్వాలనుకుంటే ఇంకా జాగ్రత్త. 1990ల్లో బెల్జియంలో సన్నబడటానికి వాడిన చైనా మూలికల్లో అరిస్టోలోకియా కలిసి, ఎందరికో కిడ్నీలు పాడయ్యాయి. మన ఈశ్వరి, గాడిదగడపాకు అదే జాతి మొక్కలు.

చేరేముందు అడగండి
డిగ్రీ ఇచ్చేది ఏ యూనివర్సిటీ? ఆస్పత్రి శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్లు? చదువు పూర్తయ్యాక ఏ కౌన్సిల్లో నమోదవుతాం? ఈ మూడింటికీ కాగితం మీద జవాబివ్వని సంస్థకు ఫీజు కట్టకండి.