మైకు నటుని వెంట నడువవలెను



నీ యుత్తరము నిన్న చేరినది. హాలీవుడ్ తారలతోను, దర్శకులతోను పనిచేసిన శబ్దగ్రాహకుల జ్ఞాపకములను చదువుచున్నానని వ్రాసి, వారి యంత్రములే మనకును లభించినచో వారివలె మనమును శబ్దమును పట్టగలమా యని అడిగితివి. దానికి సమాధానము చెప్పుటకు ముందు నీకొక నటి కథ చెప్పవలసియున్నది.

1927 అక్టోబరు 6వ తేదీన వార్నర్ సోదరుల 'ది జాజ్ సింగర్' విడుదలయైన పిమ్మట రెండు మూడేండ్లలోనే అక్కడి మూకీల వైభవము అస్తమించెను. ఆ చిత్రమునకు ధ్వనిని ఫిల్ముమీద గాక, నిమిషమునకు 33⅓ చుట్లు తిరిగెడి 16 అంగుళముల ప్లేటుపై పట్టిరి. ఒక రీలుకు సరిపడు పదునొకండు నిమిషముల ధ్వనియే ఒక ప్లేటులో ఇమిడెడిది. కెమెరా రొద మైకులో పడకుండుటకై కెమెరాను, దానిని నడుపువానిని కూడ గాజుకిటికీగల చిన్నగదిలో పెట్టి తలుపు మూసెడివారు. లోపల గాలియాడక ఆ మనుష్యులు చెమటతో తడిసిపోయెడివారు. ఇక మైకు కదలదు గనుక, ఏ పూలకుండీలోనో దాచిన దాని చెంతకు నటీనటులే వచ్చి నిలిచి మాటాడవలసివచ్చెను. ఏ నడకచేత, ఏ చేతి విసురుచేత వారు మూకీలలో లోకమును గెలిచిరో, ఆ సొగసంతయు ఒక పూలకుండీకి బందీయైనది!

క్లారా బో అను తార ఒకచోట కుదురుగ నిలువజాలని చైతన్యమూర్తి. 1929లో పారమౌంటువారు తీసిన 'ది వైల్డ్ పార్టీ' ఆమెకు మొదటి టాకీ. మైకనిన ఆమెకు గుండెదడ. ఆనాటి హాలీవుడ్‌లో దర్శకత్వము వహించుచుండిన మిక్కిలి కొద్దిమంది స్త్రీలలో అగ్రగణ్యురాలైన డొరొతీ ఆర్జ్‌నర్ ఆ చిత్రమునకు దర్శకురాలు. ఆమె మైకును చేపలు పట్టు గాలపుకర్రకు వ్రేలాడగట్టించి, క్లారా ఎటు పోయిన అటు ఆమె తలపైగా త్రిప్పించెను. నేడు మనము బూము అనుచున్న పరికరమునకు తొలిరూపములలో ఇది యొకటి. నటిని మైకు దగ్గరకు రప్పించుట మాని, మైకునే నటి దగ్గరకు పంపుట! నాకు తెలిసినంతలో మన వృత్తిలో ఇంతకు మించిన మలుపు లేదు. అది యంత్రవిజ్ఞానము వలన గాక, ఒక నటి భయమును గుర్తించిన హృదయము వలన కలిగినది.

తరువాతి తరములో దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ ఈ దారినే మరింత దూరము నడిచెను. పదిమంది కూడినచోట ఒకరి తరువాత ఒకరు వరుస తప్పక మాటాడుట లోకములో ఎక్కడను లేదు గదా! 1975లో విడుదలయైన 'నాష్‌విల్' చిత్రములో ఆయన నటులకు చిన్న వైర్‌లెస్ మైకులు తొడిగించి, వారి కంఠములను వేర్వేరు ట్రాకులలో పట్టించి, ఏ మాట పైకి తేలవలెనో, ఏది సందడిలో కలిసిపోవలెనో మిక్సింగులో నిర్ణయించుకొనెను. జిమ్ వెబ్ అను శబ్దగ్రాహకుని ఓర్పు లేనిచో అది సాధ్యమయ్యెడిది కాదు.

కోరని రొదయు మనకు ఉపకరించునని తెలుపుటకు రైలురొదను గూర్చియు ఒక మాట. మన ఎల్.వి.ప్రసాద్ గారు చిన్న వేషము వేసిన, మన దేశపు తొలి టాకీయైన 'ఆలం ఆరా'ను బొంబాయిలో తీయునాడు, స్టూడియో ప్రక్కనే రైలుమార్గము ఉండుటచేత, రైళ్లు సద్దుమణిగిన అర్ధరాత్రివేళ షూటింగు సాగించిరి. రైలు అప్పుడు శబ్దగ్రాహకునికి శత్రువు. నలుబది యొక్క ఏండ్ల తరువాత, 1972లో, దర్శకుడు కొప్పోలా 'గాడ్‌ఫాదర్' చిత్రమునకు శబ్దశిల్పి వాల్టర్ మర్చ్ అదే రైలును కోరి పిలిచెను. హోటలులో శత్రువుల ఎదుట కూర్చుండిన అల్ పచీనో తుపాకి తీయబోవు క్షణమున, తెరపై ఎక్కడను కానరాని రైలుచక్రముల కీచురొద క్రమముగ పెరిగి చెవులను చీల్చును. సంగీతము లేదు, ఆ నటుని నోట మాట లేదు, అతని మనస్సులోని సంక్షోభము మాత్రము మనకు వినబడును. ఆ సన్నివేశమును కనులు మూసికొని ఒకసారి వినుము.

నా యౌవనమున జరిగినదొకటి చెప్పెదను. ఒక వృద్ధనటుడు కుమారుని మరణవార్త విని పలుకవలసిన మాటను, గొంతు పూడుకొనిపోవగా, లోగొంతుకలో పలికెను. నా మీటరులో ముల్లు లేవలేదు. "గట్టిగా మరల చెప్పుడు" అంటిని. ఆయన మారుపలుకక మరల చెప్పెను. ముల్లు లేచినది, ఆ దుఃఖము మాత్రము రాలేదు. నేను మైకును ఒక జానెడు ముందుకు జరిపియుండినచో చాలును. ఆ టేకు నేటికిని నన్ను బాధించుచున్నది.

కావున యంత్రముల ధరలు తరువాత కనుగొనవచ్చును. వచ్చు నెలలో నీ షూటింగు ఆరంభమగునని వ్రాసితివి. మొదటి రిహార్సలునకు హెడ్‌ఫోను లేకుండ పొమ్ము. ఏ నటుడు ఏ మాట దగ్గర గొంతు తగ్గించునో ఒక పుస్తకములో వ్రాసికొనుము. ప్రతి సెట్టులోను అందరిని నిశ్చలముగ నిలువుమని వేడుకొని ఒక నిమిషముసేపు ఆ చోటి నిశ్శబ్దమును రికార్డు చేయుము. త్వరపెట్టువారుందురు, అయినను విడువకుము. ఆ పుస్తకమును, ఆ రికార్డును వెంటబెట్టుకొని ఒక ఆదివారము మా యింటికి రమ్ము. కలిసి విందము.