రంగుకలంతో అచ్చు

హోసూరులో చదువుకొనే ఒక పిల్ల బళ్లారిలో ఉన్న అమ్మమ్మకు ఉగాది కార్డు పంపాలనుకొన్నది. రబ్బరు ముక్క మీద 'ఉగాది' అని శ్రద్ధగా చెక్కింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో రంగు పూసి కాగితం మీద ఒత్తింది. తీసి చూస్తే 'ది' ముందుకు వచ్చింది, 'ఉ' చివరకు పోయింది. ఏ అక్షరమూ సరైన దిక్కుకు తిరిగి లేదు. అమ్మమ్మ చదవగలిగింది తెలుగు ఒక్కటే. ఆమెకు అందే కార్డు మీద ఆ తెలుగే తిరగబడితే ఎట్లా?

అచ్చు పనిలో ఇది మొదటి చిక్కు. దిమ్మ మీద చెక్కినది కాగితం మీద అద్దంలో బొమ్మలాగా పడుతుంది. దీనికి విరుగుడు తేలికే. పలుచని కాగితం మీద మెత్తని పెన్సిలుతో అక్షరాలను మామూలుగానే రాయాలి. ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి, వెనుకనుంచి గోటితో రుద్దాలి. పెన్సిలు గీత తిరగబడి రబ్బరుకు అంటుకొంటుంది. గీతలను ఉంచి, చుట్టూ ఉన్న రబ్బరును పైపైన తీసివేస్తే సరి. బ్లేడు పట్టే పని మాత్రం పెద్దల ఎదుటనే జరగాలి. 'శుభాకాంక్షలు' వంటి మాటను చెక్కబోవడం తెలివైన పని కాదు. 'క్ష'లోని సన్నని మెలికలు తెగిపోతాయి. బొమ్మను అచ్చువేసి మాటను చేతితో రాయడమే అందం.

అచ్చు వేయడం, కలంతో గీయడం రెండూ తెలుగునాట పాత విద్యలే. కృష్ణాజిల్లా పెడనలో కలంకారీ పనివారు చెక్కిన కొయ్య దిమ్మలతో బట్టపై అద్దకం వేస్తారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మ ఉంటుంది. శ్రీకాళహస్తి పద్ధతిలో దిమ్మ లేదు. కొన చెక్కిన వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి, రంగులో ముంచి గీస్తారు. ఆ గుడ్డ రంగును పట్టి ఉంచుతుంది. వేళ్లతో నొక్కినకొద్దీ రంగు కొనకు దిగుతుంది. స్కెచ్ పెన్నులోని ఏర్పాటూ ఇంచుమించు ఇటువంటిదే. లోపలి దూదివంటి కడ్డీ రంగునీటిని పీల్చి ఉంచుకొంటుంది. పీచుతో చేసిన కొన దానిని కొద్దికొద్దిగా కాగితానికి అందిస్తుంది. ఈ రకం పీచుకొన కలాన్ని 1962లో జపాను దేశంలో యుకియో హోరియే రూపొందించారు.

పెడన దిమ్మకు ఒక్కొక్క రంగే గాని, స్కెచ్ పెన్నుతో ఒకే అచ్చుకు రెండు మూడు రంగులు పూయవచ్చు. మామిడాకు అచ్చునే తీసుకొందాం. ముందు ఆకంతటికీ పసుపు, తరువాత అంచులకు ఆకుపచ్చ. ముదురు రంగు ముందు పూస్తే లేతరంగు పెన్ను కొన మురికి అవుతుంది. నునుపైన రబ్బరు మీద రంగు బొట్లుబొట్లుగా విడిపోతుంటే గరుకు కాగితంతో ఒక్కసారి మెల్లగా రుద్దాలి. ఒక అంచు పూసేలోగా మరొక అంచు ఆరిపోతుంది. అప్పుడు అచ్చుకు నోరు దగ్గరగా పెట్టి 'హా' అని ఊదాలి. ఊపిరిలోని తేమకు రంగు మళ్లీ కరుగుతుంది. వెంటనే నిటారుగా ఒత్తి, కదపకుండా పైకి తీయాలి. చెరగని మార్కరుతో ఈ ఉపాయం సాగదు. దాని రంగు నీటిలో కరిగేది కాదు. ఎంత ఊదినా ఫలితం ఉండదు.

మళ్లీ రంగు పూయకుండానే ఇంకొకసారి ఊది ఒత్తితే, వెలిసినట్లు లేతగా రెండో ఆకు పడుతుంది. చూసేవారికి అది దూరాన ఉన్నట్లు తోస్తుంది. మామిడికాయ ముందు, ఆకులు దాని వెనుక ఉండాలంటే మొదట కాయను కార్డు మీద అచ్చువేయాలి. అదే కాయను చిత్తుకాగితం మీద కూడా వేసి, అంచు వెంట కత్తిరించి, కార్డు మీది కాయను దానితో కప్పాలి. ఆపై ఆకులను ఒత్తితే, కాయమీద పడవలసిన భాగం చిత్తుకాగితం మీద పడుతుంది. తడి కుంచెతో అంచు రంగును లోపలికి లాగితే నీడ కూడా వస్తుంది.

నోటుపుస్తకం కాగితం రంగును పీల్చి అలుకుతుంది. పాత శుభలేఖల వెనుక ఖాళీ భాగం దీనికి బాగుంటుంది. నున్నగా మెరిసేది మాత్రం పనికిరాదు. దానిమీద రంగు ఆరక, చేయి తగిలితే చెదిరిపోతుంది.

ఆ పిల్ల రెండో రబ్బరు మీద 'ఉగాది'ని తిప్పి చెక్కింది. ఈసారి 'ఉ' ముందే నిలిచింది. కింద తన చేతితో 'అమ్మమ్మకు' అని రాసింది. కవరు మీద కూడా స్కెచ్ పెన్నుతోనే రాయబోయి ఆగింది. ఒక్క వానచినుకు పడితే చిరునామా కరిగిపోతుంది గదా! పైగా దానిని చదవవలసింది బళ్లారి పోస్టుమాను. బాల్‌పెన్ను తీసుకొని, పక్క బెంచీలో కన్నడం వచ్చిన స్నేహితురాలిచేత చిరునామా రాయించి, చివర పిన్‌కోడు తానే వేసింది.