రెండు స్ట్రోకుల పందెపు బండి - ఇంజను కూర్పు, చక్రముల బిగింపు

మన తిరువళ్ళూరు జిల్లాలోని చోళవరమున రెండవ ప్రపంచ యుద్ధకాలమునాటి విమానముల దారి యొకటి యుండెడిది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు దానిమీద ఏండ్ల తరబడి మోటారు పందెములు జరిపిరి. 1990లో ఇరుంగాట్టుకోట్టై యందు ప్రత్యేకమైన బాట సిద్ధమైన పిదప ఆ సందడి అటు తరలిపోయినది. మీ యింటి పెద్దల నడిగినచో ఆ నీలిపొగను, చెవులు చిల్లులుపడు ఆ మ్రోతను గూర్చి చెప్పుదురు. ఆ మ్రోతలో చాల భాగము రెండు స్ట్రోకుల ఇంజనులది.

మా పూర్వ విద్యార్థి యొకడు తిరుత్తణిలో చిన్న మరమ్మతు షెడ్డు నడుపుచున్నాడు. పాత బండ్లను పందెమునకు తగినట్లు సరిచేయుట అతని కెంతో ఇష్టము. అట్టి బండి నొకదానిని తానే విప్పి, తానే కూర్చి, వేగముగా నడిపి చూచుచుండగా ఇంజను హఠాత్తుగా పట్టివేసినది. వెనుక చక్రము తిరుగుట మానినది, బండి జారినది, కుఱ్ఱవాని భుజపుటెముక విరిగినది. పెట్రోలులో నూనె సరిగనే కలిపియుండెను. మరి తప్పెక్కడ? మేము చూడబోయినప్పుడు అతడే చెప్పినాడు: “పాత సీలునే మళ్ళీ వేసినాను అయ్యోరూ. కొత్తది తెచ్చేదానికి అరక్కోణం పోవాలని బద్ధకమైంది.”

మేము తెలుగు చెప్పువారమే గాని యంత్రములు తెలిసినవారము కాము. అయినను అతని భుజము కుదిరి, బండిని మరల కూర్చునప్పుడు ప్రక్కన కూర్చుండి ప్రతి పనిని వ్రాసికొంటిమి. మేము ఆంధ్రదేశమున శిక్షణ పొందిన నాళ్ళలో పాఠ్యపుస్తకములలో పిస్టనును ‘ముషలకము’ అని చదివితిమి. షెడ్డులో ఆ మాట అన్నప్పుడు అందరును నవ్విరి. కావున ఇచ్చట పిస్టను అనియే వ్రాయుచున్నాము.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో చక్రదండము రెండుమార్లు తిరిగినగాని ఒక ప్రేలుడు కలుగదు. రెండు స్ట్రోకుల దానిలో ప్రతి చుట్టునకును ఒకటి. 1985 మొదలు 1996 వరకు మన దేశమున తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 బండిని తీసికొందము. నిమిషమునకు 7500 చుట్ల వేగమున దాని ఇంజను సెకనునకు 125 మార్లు ప్రేలును. పిస్టను ఒక్కొక్క చుట్టులో 50 మిల్లీమీటర్లు పైకిని, 50 మిల్లీమీటర్లు క్రిందికిని పోవును గనుక సెకనునకు పన్నెండున్నర మీటర్లు పరుగెత్తుచున్నదన్నమాట! లెక్క మీరే వేసి చూడుడు.

ఇంగ్లండులో జోసెఫ్ డే అను నతడు 1891లో హక్కు పొందిన పద్ధతి ఇట్టిది. సిలిండరు గోడలో రంధ్రము లుండును; పిస్టనే వానిని మూయుచు తెరచుచు పోవును. పిస్టను పైకి లేచినప్పుడు క్రింది పెట్టె, అనగా క్రాంకు కేసు, పెట్రోలు కలిసిన గాలిని పీల్చుకొనును. దిగినప్పుడు ఆ గాలిని ప్రక్కదారిని పైకి నెట్టును. కావున క్రాంకు కేసు వట్టి పెట్టె కాదు. అది ఇంజనునకు ఊపిరితిత్తి. చక్రదండము బయటికి వచ్చు రెండు కొనలయందును రబ్బరు సీలు లుండుట ఇందులకే. క్లచ్చు వైపు సీలు చినిగినచో గేరు నూనె లోనికి వచ్చి పొగ విపరీతముగ వెలువడును. అది కంటికి కనబడును. మాగ్నెటో వైపు సీలు చినిగినచో వట్టి గాలి లోనికి దూరును, అది కనబడదు. ఆ గాలివలన మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గును. పెట్రోలులోనే యున్న నూనె పాలును తగ్గును. వేడి పెరుగును. అల్యూమినియపు పిస్టను ఇనుప సిలిండరు కంటె ఎక్కువగా వ్యాకోచించి గోడను కఱచి పట్టుకొనును. మన కుఱ్ఱవానికి జరిగిన దిదియే. పందెగాండ్రు క్లచ్చుపై వ్రేళ్ళు తీయకుండుట మీరు చూచియుందురు. ఇంజను పట్టిన క్షణమున క్లచ్చు నొక్కినచో వెనుక చక్రము విడివడును.

కూర్పు పనిలో మొదటిది శుభ్రత. పిస్టను పిన్నుకు సర్‌క్లిప్పు వేయునప్పుడు క్రాంకు కేసు నోటిని గుడ్డతో మూయవలెను. క్లిప్పు జారి లోపల పడినచో మరల అంతయు విప్పవలసినదే. వాడిన క్లిప్పును మరల వాడరాదు. పిస్టను నెత్తిమీది బాణపు గుర్తు పొగ రంధ్రమువైపు ఉండవలెను. రింగుల గాడిలో చిన్న మేకు కలదు; రింగు కొనలు రెండును దానియొద్దనే కలియవలెను, లేనిచో రింగు తిరిగి కొన రంధ్రములో చిక్కి విరుగును. ముందుగా రింగును ఒంటిగా సిలిండరులోనికి దించి, కొనల నడిమి సందును ఫీలర్ గేజితో కొలువవలెను. హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా, టార్కు స్పానరుతో బిగింపవలెను. ఒక్క మూలను ముందే బిగించినచో హెడ్డు వంగును. నూనె విషయమున కంటి అంచనా పనికిరాదు. 25 పాళ్ళకు 1 పాలు అన్నచో 5 లీటర్ల పెట్రోలునకు 200 మిల్లీలీటర్లు కొలపాత్రతో పోయవలెను.

పొగ గొట్టమును చులకనగా చూడకుడు. తూర్పు జర్మనీలో ఎంజెడ్ సంస్థయందు వాల్టర్ కాడెన్ నడుమ ఉబ్బిన గొట్టమును మెరుగుపరచి, అందులోని పీడనపు అల తిరిగివచ్చి, పారిపోవు మిశ్రమమును సిలిండరులోనికి నెట్టునట్లు చేసెను. 1961లో ఆ సంస్థ పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ ఆ విద్యతో సుజుకీ పక్షమునకు చేరెను. 1962లో 50 సీసీ ప్రపంచ విజేత అతడే. మనకు కావలసిన దేమనగా, గొట్టములోను పొగ రంధ్రములోను పేరుకొను మసిని కాలక్రమమున గీకివేయవలెను.

ఇక చక్రములు. స్పోకు పుల్ల హబ్బును మోయునది కాదు, లాగి పట్టునది. అన్ని పుల్లలును సమముగా లాగినప్పుడే రిమ్ము గుండ్రముగా నిలుచును. చక్రమును స్టాండుపై త్రిప్పి, రిమ్ము ప్రక్కన సుద్దముక్క కదలక పట్టినచో వంకర యున్న చోట గీత పడును. అచ్చట ఒక వైపు పుల్లను పావు చుట్టు బిగించి, ఎదురు పుల్లను అంతే వదలవలెను. తొందర కూడదు. పిదప స్పానరుతో పుల్లలను మీటి చూడవలెను. వీణ తంత్రిని శ్రుతి చేయువాని చెవి ఇచ్చట కావలెను; బిగువైన పుల్ల కణకణ మ్రోగును, వదులైనది మూగగా పలుకును. బేరింగులను వ్రేలితో త్రిప్పినప్పుడు గరగర యున్నచో మార్చవలెను. టైరు ప్రక్కనున్న బాణము చక్రము తిరుగు దిక్కునే చూపవలెను. గొలుసు బిగించునప్పుడు రెండు వైపుల గుర్తులును సమముగ నుండవలెను.

ఆ కుఱ్ఱవాడు క్రొత్త సీళ్ళతో ఇంజనును ముగించి, మొదట నెమ్మదిగానే నడిపినాడు. తిరిగి వచ్చి, చల్లారనిచ్చి, హెడ్డు నట్లను మరల సరిచూచి, ప్లగ్గు విప్పి మా చేతి కిచ్చినాడు. తెల్లగా నుండినచో గాలి ఎక్కువ. నల్లగా తడిగా నుండినచో నూనెయో పెట్రోలో ఎక్కువ. ఆ పింగాణి లేత బిస్కత్తు రంగున నుండెను.