నర్సింగు చదువు – అన్నము, పడక లెక్క

ధ్యాన భాగము: లూకా 10:30–35

ఈ నెల పాఠమునకు మంచి సమరయుని కథను తీసికొందము. సండేస్కూలు పిల్లలకు సయితము తెలిసిన కథయే. అయినను మనము సాధారణముగా గాయములు కట్టిన చోటనే ఆగిపోవుదుము. తరువాత వచ్చు డబ్బు సంగతిని అంత శ్రద్ధగా చదువము. సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్లు కట్టెను. అది నర్సు పని. మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చెను. అది అన్నమునకును పడకకును అయిన పైకము. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి దినమునకు ఒక దేనారము గనుక, ఇది రెండు దినముల కూలి. అంతటితో ఆయన చేతులు దులుపుకొనలేదు. ఇంకేమైన ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను. అనగా ఖాతా తెరచి వెళ్లెను.

రోగికి అన్నము, పడక ఎంత అవసరమో, రోగిని కనిపెట్టుట నేర్చుకొను పిల్లకును అంతే అవసరము. మన పల్లెలనుండి ఏటేట ఆడపిల్లలు నర్సింగునకు పోవుచున్నారు. ఇప్పుడు మగపిల్లలును కొందరు పోవుచున్నారు, సంతోషము. సీటు వచ్చినదనగానే గుడిలో ప్రార్థన చేయుదుము, ఫీజునకు తలా ఒక చేయి వేయుదుము, పెట్టె సర్ది బస్సెక్కింతుము. రెండవ సంవత్సరము నడుమ ఆ పిల్ల క్రిస్మసునకు వచ్చి మరల పోదు. అడిగినయెడల “ఒంట్లో బాగులేదు అయ్యగారూ” అనును. అసలు జబ్బు మూడు నెలల మెస్సు బిల్లు. ఆ మాట నలుగురిలో చెప్పుకొనలేక జ్వరము పేరు చెప్పును.

మన పెద్దలు ఈ ఖర్చును లెక్కలోనికి తీసికొనకపోవుటకు ఒక కారణమున్నది. వారెరిగిన కాలము వేరు. లండనులో సెయింట్ థామస్ ఆసుపత్రియందు నైటింగేలు గారి పేరిట 1860లో స్కూలు తెరచినప్పుడు, నేర్చుకొనుటకు వచ్చిన స్త్రీలకు వసతియు, భోజనమును, ఉడుపులును ఇచ్చి, పైగా ఏటికి 10 పౌనులు ఇచ్చిరి. మన దేశములో మిషను ఆసుపత్రులు నర్సింగు స్కూళ్లు పెట్టినప్పుడును చాలచోట్ల ఇదే పద్ధతి. పిల్ల వార్డులో పని చేయును, ఆసుపత్రి ఆమెకు తిండి పెట్టును. కుగ్లరు దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చి 1898లో స్త్రీల ఆసుపత్రి తెరచిన కథ మన వారందరికి తెలియును. వేలూరులో నర్సింగు స్కూలు 1909లో మొదలైనది. అట్టి తావులలో చదివిన అత్తలు, మేనత్తలు మన ఇండ్లలో ఉండుటచేత “ఆసుపత్రివారే చూచుకొందురులే” అను మాట నిలిచిపోయినది. నేడు ప్రభుత్వ స్కూళ్లలో కొంత స్టైపెండు ఉన్నమాట నిజమే గాని ఆ సీట్లు కొద్ది. మన పిల్లలు ఎక్కువమంది చేరునవి ప్రైవేటు కాలేజీలు. అక్కడ వార్డు పనియు మన పిల్లదే, మెస్సు బిల్లును మన పిల్లదే.

ఇంగ్లాండులో 2017 ఆగస్టునుండి నర్సింగు విద్యార్థులకు క్రొత్తగా ఇచ్చు బర్సరీని ఎత్తివేసిరి. చేరుటకు దరఖాస్తులు తగ్గెను. మూడేండ్లకే, 2020 సెప్టెంబరులో, ఏటికి కనీసము 5,000 పౌనుల చొప్పున జీవనఖర్చులకు సహాయము మరల మొదలుపెట్టిరి. సంపన్న దేశమునకే ఈ పాఠము తెలిసివచ్చినది. కూలికి పోవు మన ఇండ్ల సంగతి చెప్పవలెనా?

“ఖాళీ వేళలో ఏదైన పని చూచుకొనవచ్చును గదా, పౌలు డేరాలు కుట్టలేదా” అని ఒక పెద్ద అడిగెను. పౌలునకు రాత్రి డ్యూటీ లేదు. ఉదయము వార్డు, మధ్యాహ్నము క్లాసు, సాయంత్రము రికార్డు పుస్తకములు వ్రాయుట, నడుమ కొన్ని వారములు రాత్రంతయు మేలుకొనుట – ఈ పిల్ల ఏ వేళను డేరా కుట్టగలదు? బైబిలు మాట తేవలెనంటే నిర్గమకాండము రెండవ అధ్యాయమును తెండు. అక్కడ ఫరో కుమార్తె, బిడ్డను పెంచు స్త్రీకి జీతమిత్తునని ముందుగానే ఒప్పుకొనెను.

ఇప్పుడు లెక్కలోనికి వత్తము. జి.ఎన్.ఎం. కోర్సు మూడేండ్లు, బి.ఎస్సీ. నాలుగేండ్లు. మెస్సు, గది కలిపి నెలకు 4,000 రూపాయలనుకొందము, కొన్నిచోట్ల ఎక్కువే. పదకొండు నెలలకు 44,000. దానిపై యూనిఫారములు, తెల్లబూట్లు, నాడి చూచుటకు సెకన్ల ముల్లున్న గడియారము, పల్లె ఆరోగ్య కేంద్రములకు బస్సు చార్జీలు. మానసిక వైద్యశాలలో పోస్టింగు పడినప్పుడు విశాఖపట్టణము వంటి దూరపు ఊరిలో కొన్ని వారములు ఉండవలసి వచ్చును. దానిని ఎవరును ముందుగా చెప్పరు. ఆంధ్రప్రదేశములో 2020లో మొదలైన వసతి దీవెన క్రింద డిగ్రీ స్థాయివారికి ఏటికి 20,000 రూపాయలు రెండు విడతలుగా ఇచ్చుట నిర్ణయమైనది. మంచిదే గాని పై లెక్కలో సగమైనను కాదు. పైగా సర్కారు సొమ్ము వచ్చు నెల వేరు, మెస్సు బిల్లు కట్టు నెల వేరు. పథకముల పేర్లును నియమములును మారుచుండును గనుక, చేరకముందే ఆ కోర్సునకు, ఆ కాలేజీకి, ఆ సీటునకు స్కాలర్షిప్పు వచ్చునో రాదో అడుగుడి. మేనేజిమెంటు కోటాలో చేరి తరువాత అడిగి లాభము లేదు. హాజరు నూటికి 75 తగ్గరాదు. 1950 నాటి ఉత్తర్వును బట్టి షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైన వారిని రెండు తెలుగు రాష్ట్రములలోను బి.సి.–సి గా లెక్కింతురు. ఇది న్యాయమా కాదా అను వాదము వేరు. పిల్ల సర్టిఫికెట్టు మాత్రము సీటునకు ముందే సిద్ధముగా నుండవలెను.

ఊరి వడ్డీ సంగతి చెప్పక తప్పదు. నూటికి మూడు రూపాయల చొప్పున 40,000 తెచ్చినయెడల నెలకు 1,200 వడ్డీ. మూడేండ్లకు 43,200. అసలు అట్లే నిలిచియుండగా వడ్డీ అసలును మించిపోవును. బ్యాంకు విద్యాఋణము ఫీజునకు మాత్రమేనని మనవారనుకొందురు. కాదు. హాస్టలు, మెస్సు, పుస్తకములు, యూనిఫారము కూడ అందులో చేర్చి అడుగవచ్చును. బ్యాంకుల మాదిరి పథకము ప్రకారము 4 లక్షలవరకు తాకట్టు అడుగరాదు; తల్లిదండ్రులు కూడ సంతకము చేయవలెను. చదువు ముగిసిన ఏడాదికి వాయిదాలు మొదలగును. కాలేజీకి నర్సింగు కౌన్సిలు గుర్తింపు ఉండవలెను. కొడుకు ఇంజనీరింగునకు పొలము తాకట్టు పెట్టిన తండ్రి, కూతురి నర్సింగునకు బ్యాంకు మెట్లెక్కుటకు సందేహించుట నేను చూచితిని. ఆ తల్లిదండ్రులకు రేపు ఇంజెక్షను చేయునది ఎవరో!

ఇక సంఘము చేయగల పని. మన స్త్రీల సమాజమువారు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసిపెట్టుట పూర్వమునుండి ఉన్నది. పిడికెడు 50 గ్రాములనుకొనుడి; రెండు పూటలకు 100 గ్రాములు. నలుబది ఇండ్లు కలిసినయెడల నెలకు 120 కిలోలు. కిలో 40 రూపాయల చొప్పున 4,800. ఒక పిల్ల మెస్సు బిల్లు తీరి బస్సునకు 800 మిగులును. రేషను బియ్యము అమ్మరాదు గనుక ఆ బియ్యమే తినువారు వారమునకు పది రూపాయలు వేసిన చాలును. ఈ సొమ్మును ఏడాదికొకసారి దండ వేసి చేతికిచ్చుట కాదు. నెలనెల హాస్టలువారికే కట్టి రశీదు తెప్పించవలెను. పిల్ల పేరు గుడిలో చదువవద్దు. పెద్దలలో ఇద్దరు, స్త్రీల సమాజపు కోశాధికారిణియు ఎరిగియుండిన చాలును.

“ఇంత చేసితిమి, చదువైన తరువాత మన మిషను ఆసుపత్రిలో చేయవలెను” అని కొందరు కోరుదురు. వేలూరు వంటి చోట సంఘము సిఫారసుపై చేరినవారికి కొంతకాలము సేవ చేయు ఒప్పందమున్నది. అది ముందుగా వ్రాసికొన్న మాట. మనమును అడుగదలచినయెడల సీటు రోజుననే, కాలము ఎంతో తేల్చి, తల్లిదండ్రుల యెదుట అడుగవలెను. మూడవ ఏట అన్నము పెట్టుచు అడుగరాదు.

చాలచోట్ల మెస్సు బిల్లు నెల మొదటి వారములోనే కట్టవలసియుండును. కావున బియ్యపు డబ్బాలు ప్రతి నెల చివరి ఆదివారము ఆరాధనకు తెండు. సోమవారము కొలిచి అమ్మి, మంగళవారము సొమ్ము పంపుదుము.