చేయి వదిలాక ఎంత?

ఒక మిల్లీమీటరు మందం ఉన్న స్ప్రింగ్ తీగను ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్డు మీద బిగువుగా ఐదు చుట్లు చుట్టండి. చేయి పట్టుకుని ఉన్నంతసేపూ తీగ రాడ్డును అంటిపెట్టుకునే ఉంటుంది, లోపలి కొలత ఎనిమిదే. చేయి వదలగానే తెరుచుకుని తొమ్మిది దగ్గరికి వస్తుంది. కొసల్లో కనబడే తేడా ఇంకా పెద్దది. తీగ పొడవు అదే, చుట్టు మాత్రం పెద్దదైంది కాబట్టి ఐదు చుట్లు నాలుగున్నరకు దిగుతాయి. కుడివైపు రావాల్సిన కొస ఎడమవైపు తేలుతుంది. తీగ రకాన్ని బట్టి లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది గానీ, వెనక్కి రాని స్ప్రింగ్ తీగ అంటూ లేదు.

మన గురించి మనం చెప్పుకునే కొలతలు చాలావరకు రాడ్డు మీద ఉండగా తీసినవే. కోచింగ్ సెంటరులో రోజుకు పది గంటలు చదివానంటాడు కొడుకు. సర్వీసంతా ఒక్క మస్టరు పోగొట్టుకోలేదంటాడు తండ్రి. ఇద్దరిదీ నిజమే. అయితే బిగించి పట్టిన చేయి తీసేశాక ఎంత మిగిలింది? ఆ కొలత తీసుకోవడానికి మనసు ఒప్పుకోదు. ఒప్పించడానికి నాకు తెలిసిన మంచి సాధన, ఇంటి వెనక ఒక చిన్న బెంచీ వేసి, దానికొక వైసు బిగించి, టార్షన్ స్ప్రింగులు చుట్టడం. బట్టల క్లిప్పులో, ఎలుకబోనులో, బండి కిక్ రాడ్డు దగ్గర ఉండేవి ఇవే.

గోదావరిఖని, రామగుండం వాళ్లకే ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ జీవితాలను చుట్టింది సింగరేణి. 1889లో ఇల్లందు ప్రాంతంలో మొదలైన బొగ్గు తవ్వకం గోదావరి ఒడ్డుకు వచ్చాక, ఊరి పొద్దు షిఫ్టుల ప్రకారం నడవడం నేర్చుకుంది. ఫస్టు షిఫ్టుకు ఇల్లు లేస్తుంది, నైటు షిఫ్టు వాళ్ల కోసం పగలు పిల్లలు గొంతు తగ్గిస్తారు, వారం సెలవైన ప్లే డే చూసుకుని శుభకార్యాలకు పోతారు. ఈ క్రమశిక్షణను నేను చేతులెత్తి గౌరవిస్తాను. బొగ్గుబాయిలో పక్కవాడి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. కానీ 2021లో అరవై నుంచి అరవై ఒకటికి పెంచిన రిటైర్మెంటు వయసు దాటి దిగిపోయిన మరుసటి వారం, ఎవరూ మస్టరు అడగని పొద్దున ఏం చేయాలో తోచక చౌరస్తాలో కూర్చునేవాళ్లు కనబడతారు. రెక్కల్లో బలం తగ్గింది కొంతే. నిలబెట్టిన రాడ్డు పోయింది, అంతే.

కొడుకుల సంగతి దీనికి తలకిందులు. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉంది. ఓపెన్‌కాస్టులో పని యంత్రాలది. తండ్రిని చుట్టిన రాడ్డు కొడుకుకు దొరికే అవకాశం తక్కువ, తన రాడ్డు తానే ఎంచుకోవాలి. అందుకే ఈ బెంచీ దగ్గర తండ్రీకొడుకులు ఇద్దరూ ఉండాలంటాను. ఆయన చేతికి తెలిసినది ఇతనికి తెలియదు. ఇతను వేయగల లెక్క ఆయన వేయలేదు.

మనిషి వెనక్కి వస్తాడన్న సంగతి గనుల చట్టానికి ఎప్పుడో తెలుసు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు బాయిలోకి దిగే ముందు ఒకసారి శిక్షణ ఇచ్చి ఊరుకోమనలేదు, ఐదేళ్లకోసారి మళ్లీ రమ్మన్నాయి. అలా రమ్మనడంలో కార్మికుడికి అవమానం ఏమీ లేదు. ఉదయాన్నే లేస్తానని, తాగుడు మానేస్తానని, పిల్లల మీద అరవనని ఒట్టు పెట్టుకుని, నెల తిరక్కముందే జారిపోయి, ఇక నా బతుకింతే అని చేతులెత్తేసేవాళ్లు ఈ నిబంధన వెనకున్న ఇంగితాన్ని గుర్తు పెట్టుకోవాలి. జారడం తీగ గుణం. ఎంత జారుతుందో ముందే లెక్క కట్టుకోవడం పనివాడి గుణం.

ఇక పనిలోకి వద్దాం. ఇంట్లో లేత్ ఉండనక్కర్లేదు. ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప రాడ్డు తీసుకుని ఒక చివర హ్యాండిల్‌లా వంచండి. రెండో చివర దగ్గర తీగ కొస దూరేంత అడ్డరంధ్రం వేయండి. గట్టి చెక్కముక్కలు రెండింటి మధ్య రాడ్డును పెట్టి వైసులో బిగించి, కొసను రంధ్రంలో దోపి, హ్యాండిల్ నిదానంగా తిప్పితే తీగ చెక్కలో తన గాడి తానే చేసుకుని చుట్టు పక్కన చుట్టుగా పేర్చుకుంటూ పోతుంది. మోటారు డ్రిల్లు వాడొద్దు. చేతికి చేతి తొడుగు వద్దు, తీగ దాన్ని లోపలికి లాక్కుంటుంది. కళ్లకు మాత్రం అద్దాలు తప్పనిసరి. కోసే ముందు హ్యాండిల్‌ను మెల్లగా వెనక్కి తిప్పి బిగువు దించాలి. దించకుండా కోస్తే తీగ కొస ఎటు విసురుతుందో చెప్పలేం. చట్టం తెలిసిన మైనింగ్ సర్దార్ ఇంట్లో కూడా ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు.

ఇప్పుడు వెర్నియర్‌తో కొలవండి, నోటుబుక్కులో రాయండి. రాడ్డు ఎంత, తీగ ఎంత, చుట్లెన్ని, వదిలాక ఎంత. లోపలి కొలత ఎనిమిదే కావాలంటే రాడ్డు ఏడు దగ్గర ఉండాలని ఆ పేజీయే చెబుతుంది. చాలా మంది ఇక్కడ ఓపిక పట్టరు. రాడ్డు మారుస్తూనే తీగ కూడా మార్చేస్తారు, చుట్లు కూడా పెంచేస్తారు. చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య అలాగే ఉంచి తీగ మందం ఒక్కటి 1 నుంచి 1.2 మిల్లీమీటర్లకు పెంచితేనే స్ప్రింగ్ బిరుసు రెట్టింపు దాటిపోతుంది, ఎందుకంటే అది మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అలాంటిది మూడు ఒకేసారి మారిస్తే ఏ మార్పు ఏం చేసిందో ఎవరు చెప్పగలరు? కొత్త సంవత్సరం రోజున నిద్ర, తిండి, చదువు, కోపం అన్నీ కలిపి మార్చాలనుకునేవాళ్లు ఓడిపోయేదీ ఇక్కడే. ఒక్కటి మార్చండి. వదిలి చూడండి. రాసుకోండి.

వేడి సంగతి కూడా చెప్పాలి. చుట్టేటప్పుడు తీగలో ఒత్తిళ్లు చిక్కుబడి ఉంటాయి, వాటిని అలాగే ఉంచితే వాడకంలో స్ప్రింగ్ కుదురు తప్పుతుంది. మామూలు కార్బన్ స్ప్రింగ్ తీగ అయితే 230 నుంచి 250 డిగ్రీల వేడిలో అరగంట ఉంచితే చాలు. కేకులు చేసే ఓవెన్ అంత వేడి ఇవ్వగలదు. కొసలు చుట్టిన దిశలోనే కొద్దిగా కదిలి కుదురుకుంటాయి. మంటలో ఎర్రగా కాలిస్తే మాత్రం తీగ బిరుసు పోయి మామూలు కమ్మీ అవుతుంది. పిల్లాడు మార్కులు తగ్గించుకొచ్చిన రోజు ఇంట్లో ఎంత వేడి ఉండాలో నిర్ణయించే తండ్రికి ఈ తేడా బాగా తెలిసి ఉండాలి.

చివరగా పరీక్ష. స్ప్రింగ్ ఎంత లాగితే అంత సాగుతుందని 1678లో లండన్‌లో రాబర్ట్ హుక్ అచ్చు వేసి చెప్పిన సూత్రాన్ని మన బెంచీ మీదే చూడొచ్చు. ఒక కొసను వైసులో పట్టించి, రెండో కొసకు ఐదు సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చెక్క చక్రాన్ని బిగించి, దాని అంచు మీదుగా దారంతో వంద గ్రాములు వేలాడదీయండి. బరువు లాగే దిశ చుట్టు బిగిసే వైపే ఉండాలి. పైన చెప్పిన నాలుగున్నర చుట్ల స్ప్రింగ్ నలభై డిగ్రీల దాకా తిరుగుతుంది, రెండు వందలకు ఎనభై. బడి పిల్లల కోణమానిని చాలు. బరువు తీసిన ప్రతిసారీ కొస మొదటి గీత దగ్గరికి వచ్చిందా లేదా చూడాలి. బరువు పెంచుకుంటూ పోతే ఒకసారి రాదు. ఆ బరువు దగ్గర గీత గీసి పక్కన అంకె వేయండి, వాడకంలో దానికి బాగా కిందనే ఆగండి. చుట్టు బిగిసేటప్పుడు లోపలి వ్యాసం తగ్గుతుంది కాబట్టి, దాన్ని తొడిగే ఇరుసుకూ చుట్టుకూ మధ్య ఆ మేరకు సందు వదలండి. తలుపుకు రెండువైపులా బిగించేదైతే ఒకటి కుడి చుట్టు, ఒకటి ఎడమ చుట్టు కావాలి. రెండోదాన్ని కొడుకు చేత చుట్టించండి, కొలత మాత్రం తండ్రి తీయాలి.